డూప్లికేట్‌కు తెలుగు: నకిలీనా, నకలా, పునరుక్తా?

సీతమ్మధార నుంచి:
అందరికీ నమస్కారం. విశాఖలోని పేటల పేర్లు, వాటి వెనుక కథలు ఒక వెబ్ పేజీలో చేరుస్తున్నాం. ఎవరికి తోచింది వారు రాసి పంపడంతో ఒకే పేరు నాలుగైదు చోట్ల పడుతోంది. అదనపు వరుసలను తొలగించే జావాస్క్రిప్ట్ కోడ్ మా అబ్బాయి రాస్తున్నాడు. బటన్ మీద ‘నకిలీల తొలగింపు’ అని పెట్టాడు. నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం వాడికి సరిగా చెప్పలేకపోయాను.

మర్రిపాలెం నుంచి:
నచ్చకపోవడం న్యాయమే మేడమ్. నకిలీ అంటే మోసం. నకిలీ విత్తనాలు, నకిలీ నోట్లు. రెండోసారి పడిన ‘గాజువాక’ ఎవరిని మోసం చేసింది పాపం! ‘నకలు’ అనండి.

భీమిలి నుంచి:
నకలు కూడా కుదరదమ్మా. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలు తీసుకుంటాం. అసలు ఒకచోట ఉంది, దాన్ని చూసి ఇది దించారు అని అర్థం. మీ పేజీలో ఏది అసలు? ఇద్దరు ఎవరికి వారు రాసి పంపారు. పోనీ డూప్లికేట్ అనే ఉంచుదామంటే బజారులో ఆ మాటకు రెండు ముఖాలు. డూప్లికేట్ తాళం అక్కరకు వస్తుంది, డూప్లికేట్ సరుకు కొంప ముంచుతుంది.

నేను పునరుక్తి అంటాను. చెప్పినదాన్నే ప్రయోజనం లేకుండా మళ్ళీ చెప్పడం అది, కావ్యదోషాల్లో ఒకటి. ఆ ‘ప్రయోజనం లేకుండా’ అన్న ముక్కను గట్టిగా పట్టుకోండి. రెండోసారి వచ్చిందల్లా దోషం కాదు. పోతన ‘కమలాక్షు నర్చించు కరములు కరములు’ అన్నాడు. మాట అదే, అర్థమూ అదే, తాత్పర్యం వేరు. మొదటివి ఉత్త చేతులు, రెండోవి చేతులనిపించుకోదగ్గ చేతులు. ఆలంకారికులు దీన్ని లాటానుప్రాస అన్నారు. మీ అబ్బాయి కోడ్‌కు ఆ పద్యం అప్పగిస్తే రెండో ‘కరములు’ ఎగిరిపోతుంది, తర్వాతి ‘జిహ్వ జిహ్వ’లో ఒక నాలుక తెగుతుంది. వ్యాకరణంలోనూ అంతే. రెండుసార్లు పలికిన మాటలో రెండోదాన్ని ఆమ్రేడితం అంటారు. మొదట, మొదట కలిస్తేనే మొట్టమొదట. ఒకటి తీసేస్తే ఆ ఊపు ఏది?

రుషికొండ నుంచి:
మాస్టారూ, కోడ్‌లోనూ ఇదే తకరారు. ఏది ‘అదే’ అనేది ముందు తేల్చాలి. జావాస్క్రిప్ట్‌లో 2015 ప్రమాణం నుంచి సెట్ అనేది ఉంది. ఒక విలువ అందులో ఒక్కసారే ఉంటుంది. అలాగని పేజీలోని మూలకాలనే, అంటే ఒక్కో వరుసను పట్టి ఉంచే ఎలిమెంట్లనే, నేరుగా అందులో వేస్తే ఒక్కటీ తగ్గదు. రెండు ‘జగదాంబ కూడలి’ వరుసల్లో అక్షరాలు ఒకటే అయినా బ్రౌజర్‌కు అవి వేరువేరు వస్తువులు. అందుకని లోపలి పాఠాన్ని, అంటే టెక్స్ట్‌కంటెంట్‌ను సెట్‌లో వేయాలి. ఒక్కో మూలకాన్నీ చూస్తూ, దాని పాఠం అప్పటికే సెట్‌లో ఉంటే మూలకాన్ని రిమూవ్‌తో తీసేయడం, లేకపోతే పాఠాన్ని చేర్చుకుని ముందుకు సాగడం. క్వెరీసెలెక్టర్‌ఆల్ అనే ఆదేశం వెతికి ఇచ్చే మూలకాల జాబితా నిలకడైనది. గెట్‌ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్ ఇచ్చేది పేజీతోపాటే మారిపోతుంది. ఒకటి తీయగానే తర్వాతది దాని చోటికి జరిగి, మన కంట పడకుండా తప్పించుకుంటుంది.

తెలుగుకు ఇంకో చిక్కుంది. ‘వైజాగ్’లోని ఐత్వం, కంప్యూటర్లలో లిపుల ప్రమాణమైన యూనికోడ్‌లో ఒకే గుర్తుగా ఉండవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ విడివిడిగానూ ఉండవచ్చు. తెర మీద తేడా తెలియదు, పోల్చినప్పుడు మాత్రం వేరు. నార్మలైజ్ చేస్తే, అంటే రెండు రాతలనూ ఒకే రూపంలోకి తెస్తే, కలుస్తాయి. అదే ‘గ్’ తర్వాత అక్షరాలు అతుక్కోకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్ పడిందా, నార్మలైజ్ దాన్ని ముట్టుకోదు, అంచుల్లో ఖాళీలు తీసే ట్రిమ్ కూడా ముట్టుకోదు. విడిగా ఏరేయాలి. అదీ పోలిక కోసం తీసుకున్న పాఠంలోనే. పేజీ మీద ఏరితే ‘బీచ్‌రోడ్డు’ కాస్తా ‘బీచ్రోడ్డు’ అవుతుంది.

సీతమ్మధార నుంచి:
మరి ‘ఋషికొండ’, ‘రుషికొండ’? ‘భీమిలి’, ‘భీమునిపట్నం’?

రుషికొండ నుంచి:
అక్షరాలు వేరు కాబట్టి అన్నీ ఉండిపోతాయి. ఏది దేనికి సమానమో మీరే పట్టిక రాసి ఇవ్వాలి.

భీమిలి నుంచి:
ఋషికొండను కలపండి, అది రాతలో తేడా. మా ఊరి పేర్లు కలపకండి. ఒకటి అసలు పేరు, ఒకటి నోట నలిగి చిక్కిన పేరు. రెండూ కనిపిస్తేనే కథ తెలుస్తుంది.

మర్రిపాలెం నుంచి:
మాస్టారూ, పునరుక్తి బటన్‌కు బరువు. పిల్లలు కూడా చూసే పేజీ. ‘మళ్ళీ వచ్చినవి తీసేయి’ అంటే చాలదా?

సీతమ్మధార నుంచి:
బాగుంది. ‘తీసేయండి’ అనాలేమో?

భీమిలి నుంచి:
అక్కర్లేదమ్మా. నొక్కే మనిషి యంత్రంతో అనే మాట అది. యంత్రాన్ని ‘మీరు’ అనడం దేనికి?