పల్లె పిల్లలకు రెండు వారాల ఫోటోగ్రఫీ క్లాసు: ఉపయోగమా, మన సరదానా?

అరూషా శ్రీను:
నేను టాంజానియాలో, అరూషా దగ్గర ఒక పూలతోటల కంపెనీలో లెక్కలు చూస్తాను. వచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడికి గంట దూరంలో ఒక పల్లె సెకండరీ స్కూలు ఉంది. డిసెంబరు సెలవుల్లో అక్కడి పిల్లలకు రెండు వారాలు ఫోటోగ్రఫీ నేర్పుదామని ఉంది. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఇళ్ళలో మూలన పడున్న డిజిటల్ కెమెరాలు పన్నెండు పోగయ్యాయి. చివర్లో పిల్లలు తీసిన ఫోటోలతో హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ పెట్టాలని ఆలోచన. మా ఆవిడ మాత్రం "బెంచీకి నలుగురు ఇరుక్కుని కూర్చునే చోటికి కెమెరాలు పట్టుకెళ్తావా?" అంటోంది. మొహమాటం లేకుండా చెప్పండి.

చేదుమాత్ర:
మీ ఆవిడ అడిగినదానికి ముందు జవాబు చెప్పండి. తర్వాత నావి రెండు. పదిహేనో రోజున కెమెరాలు ఎవరి దగ్గరుంటాయి? హైదరాబాద్‌లో గోడకెక్కే ఫోటోలో ఉన్న తల్లికి తను ఆ గోడ మీద ఉన్నట్టు తెలుస్తుందా? 1993లో దక్షిణ సూడాన్‌లో కెవిన్ కార్టర్ తీసిన ఫోటో అందరికీ గుర్తే: కూలబడిన బిడ్డ, వెనక రాబందు. మరుసటేడు దానికి పులిట్జర్ (అమెరికాలో పత్రికలవాళ్ళకిచ్చే పెద్ద బహుమతి) వచ్చింది. తీసినాయన పేరు చెప్పగలం. ఆ బిడ్డ పేరు మీలో ఎంతమందికి తెలుసు?

అరూషా శ్రీను:
అందుకే కదండీ కెమెరా పిల్లల చేతికే ఇస్తానంటున్నది! వాళ్ళ ఊరిని వాళ్ళే చూపించుకుంటారు.

చేదుమాత్ర:
తీసేది వాళ్ళే, సరే. ఏరేది ఎవరు? ముప్పై ఫోటోలు గోడకెక్కించాలంటే చిరిగిన చొక్కా ఉన్నది ఏరతారా, కొత్త బైకు పక్కన నవ్వుతున్న మేనమామను ఏరతారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

తెనాలి ఫోటో రమణ:
నేను పాతికేళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీస్తున్నా. నీతి సంగతి మీరు తేల్చుకోండి, నేను పని గురించి చెప్తా. శ్రీనూ, ముందు వెలుతురు నేర్పు తమ్ముడూ. కెమెరా తనకు కనపడినదాన్నంతా నడిమి బూడిదరంగుకు లాగుతుంది. మామిడిచెట్టు నీడలో పిల్లాడు, వెనక ఎండ కాస్తున్న పొలం ఉంటే పొలం బాగానే వస్తుంది, మొహం మసిముద్ద అవుతుంది. అదే మొహాన్ని ఫ్రేము నిండా పెడితే అక్కర్లేని తెలుపు తెచ్చి చర్మం పాలిపోయినట్టు చూపిస్తుంది. మొదటిదానికి ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) పెంచాలి, రెండోదానికి కాస్త తగ్గించాలి. పిల్లాణ్ణి నీడ అంచున, మొహం ఆకాశం వైపు ఉండేలా నిలబెడితే సగం గొడవ పోతుంది. ఇదొక్కటీ చేత్తో చేయించు, రెండు రోజులు పట్టినా సరే. (మా దగ్గర పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వచ్చి "కాస్త తెల్లగా చెయ్యండి" అంటారు. ఆ జబ్బు అక్కడికి మోసుకెళ్ళకు.)

ఇంకోటి. పాత కెమెరాల బ్యాటరీ పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? అక్కడ టెక్నో ఫోన్లు బాగా వాడతారట, నల్లటి మొహాలు సరిగ్గా రావాలని ఆ కంపెనీవాళ్ళు కెమెరా తయారీలోనే శ్రద్ధ పెడతారు. ఇంట్లో ఉన్న ఫోనుతోనే నేర్పు.

సుభద్ర టీచర్:
నేను టాంజానియాలోనే, డొడొమాలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పి వచ్చాను. శ్రీనుగారూ, డిసెంబరు సెలవుల్లో బడికి పిల్లలెవరొస్తారు? చిన్న వానలు (అక్కడ ఏడాది చివర్లో వచ్చే వానాకాలం) పడితే పొలాల్లో ఉంటారు. నేనున్నప్పుడు బయటి నుంచి ఒక బృందం వచ్చి ఇలాంటి క్యాంపే పెట్టింది. ఒకమ్మాయి వాళ్ళమ్మ పెరట్లో తమ్ముడికి స్నానం చేయిస్తుంటే తీసింది. చక్కటి ఫోటో, నిజంగా. తర్వాత అది ఆ బృందం వాళ్ళ క్యాలెండర్లో కనపడింది. ఆ తల్లి బడికి వచ్చి, అరవలేదు, తిట్టలేదు, "మ్వాలిము (టీచరుగారూ), నా ఫోటో నాకేది?" అని అడిగింది. మా దగ్గర ఒక్క ప్రింటు కూడా లేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అయినా మానేయమని అనను. అరూషా బడుల్లోనే అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు ఫోటోలతో చదువు చెప్పే పద్ధతిని అక్కడి టీచర్లకు నేర్పారు. నేను ఒక్క ఫోనుతోనే అరవైమంది క్లాసు నడిపాను. గుంపుకి ఒక ఫోటో. ఏం తీయాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో ముందు కాగితం మీద రాయాలి, తీశాక దాని గురించి పేజీ రాయాలి. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడొకడు వాళ్ళ మేక గురించి పేజీన్నర రాశాడు.

బమాకో బాబు:
అందరూ ఆఫ్రికాకు కెమెరా మనమే పరిచయం చేస్తున్నట్టు మాట్లాడుతున్నారు! ఫోటోగ్రాఫర్ మాలిక్ సిదిబే పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో సొలోబా అనే పల్లెలో పశువులు కాసినవాడు. ఆ దేశ రాజధాని బమాకోలో స్టూడియో నడిపి 2007లో వెనిస్ బినాలే అనే పెద్ద కళాప్రదర్శనలో గోల్డెన్ లయన్ బహుమతి అందుకున్నాడు.

చేదుమాత్ర:
ఆయన పని నేర్చుకున్నదీ ఒక ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ దగ్గరేగా? అంటే బయటివాడు నేర్పడం తప్పు కాదనా?

బమాకో బాబు:
తప్పని నేనెక్కడ అన్నాను? ఆ ఫ్రెంచాయన బమాకోలోనే కొట్టు పెట్టుకుని ఉన్నాడు. మాలిక్ అక్కడ పనికి కుదిరి, గల్లా చూసి, ప్రింట్లు ఇచ్చొచ్చి నేర్చుకున్నాడు. రెండు వారాల సర్టిఫికెట్ కాదు. జోహన్నెస్‌బర్గ్‌లో ఫోటోగ్రాఫర్ డేవిడ్ గోల్డ్‌బ్లాట్ 1989లో పెట్టిన మార్కెట్ ఫోటో వర్క్‌షాప్ చూడండి. ఆయన తెల్లవాడే. బడి అక్కడే ఉండిపోయింది, జనేలే ముహోలి లాంటి పేరున్న ఫోటోగ్రాఫర్లు అందులో చదువుకున్నారు.

అరూషా శ్రీను:
హైదరాబాద్ ఎగ్జిబిషన్ మానేస్తున్నా. నిజం చెప్పాలంటే అది నా ముచ్చటే. సెలవులు కాకుండా, బడి నడిచేటప్పుడు నెలకో శనివారం వెళ్తాను, అదీ హెడ్‌మాస్టరు ఒప్పుకుంటేనే. వాళ్ళ డ్రాయింగ్ మాస్టారు పాఠం చెప్తారు, నేను పక్కన ఉంటా. కెమెరాలు బడి పేరు మీద రాసిస్తా. ఫోటోలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక ప్రింటు.

చేదుమాత్ర:
బెంచీల సంగతి?

అరూషా శ్రీను:
దానికి నా దగ్గర జవాబు లేదండీ.

తెనాలి ఫోటో రమణ:
ప్రింటరు కొనేముందు దాని కాగితం అరూషాలో దొరుకుతుందో లేదో కనుక్కో తమ్ముడూ. దొరక్కపోతే ఊళ్ళో పాస్‌పోర్టు ఫోటోలు తీసే కొట్టు ఉండే ఉంటుంది, ఆయనతో నెలకింత అని మాట్లాడుకో. పెద్ద క్లాసు పిల్లలు ఇద్దరు ఆయన దగ్గర పనికి కుదిరితే ఇంకా మంచిది.