భీమిలి దగ్గర పాత పెంకుటిల్లు: తక్కువ ఖర్చులో ముందు భాగం బాగుచేయడం ఎలా?

అందరికీ నమస్కారం. భీమిలి దాటాక మా తాతగారి జీడితోటలో పాత పెంకుటిల్లు ఉంది. సున్నంతో కట్టిన గోడలు, ముందు అరుగు, టేకు స్తంభాలు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి పెంకులు ఎగిరిపోయిన చోట రేకులు వేశారు, ఇప్పటికీ అవే. ఇల్లు గట్టిదే, చూడ్డానికే దిక్కులేనట్టు ఉంది. సంక్రాంతికి చుట్టాలొస్తారు. 60 వేలు దాటకుండా కాస్త కళ తెప్పించాలి.

అసలు టెన్షన్ గోడల గురించే. మోకాలెత్తు వరకు రంగు పొక్కులు లేచింది, గోరుతో గీకితే తెల్లటి ఉప్పుపొడి రాలుతోంది. సిమెంట్ ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పెట్టి ఎమల్షన్ కొట్టేద్దామంటున్నాడు మేస్త్రీ. సిమెంట్ పూస్తే గోడలోని చెమ్మ బయటికి పోయే దారి ఉండదు కదా, గీకేసి మళ్లీ సున్నమే వేద్దామంటే నవ్వుతున్నాడు. ఇలా సున్నం వేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మన వానలకి ఎన్నేళ్లు ఆగింది? వైజాగ్ చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్లు ఇంకా దొరుకుతారా?

కిటికీ ఊచలు సముద్రపు గాలికి తుప్పు పట్టాయి. తుప్పు గీకి రెడాక్సైడ్ కొడితే చాలా, ఎపాక్సీ ప్రైమర్ వేయాలా? రేకులు తీసేయడానికి పాత పెంకులు కూడా కావాలి, ఇళ్లు పడగొట్టే చోట అడగడం తప్ప వేరే దారుందా? మొక్కల గురించి మాత్రం సలహాలొద్దు, అది అమ్మ డిపార్ట్‌మెంట్.