కంపెనీ సీడీలను కారు స్టీరియో చదువుతోంది, ఇంట్లో రాసినవాటిని చదవట్లేదు. లోపం లేజర్‌దా, మోటార్‌దా?

ఎఫ్‌ఎం, ఆక్స్ శుభ్రంగా వస్తున్నాయి కాబట్టి యాంప్లిఫయర్, స్పీకర్ల మీద అనుమానం లేదు. కంపెనీ ఆడియో సీడీలు ఆలస్యంగానైనా పాడతాయి. ఇంట్లో రాసిన సీడీ-ఆర్ పెడితే కాసేపు తిరిగి, ఎర్రర్ చూపించి బయటికి తోసేస్తుంది. అవే డిస్కులు కంప్యూటర్‌లో బాగానే చదువుతున్నాయి. ఎండలో నిలిపిన బండిలోనైతే కంపెనీ సీడీలు కూడా తెగి తెగి పాడతాయి, ఏసీ వేశాక సర్దుకుంటాయి.

బ్యాటరీ నెగటివ్ తీసి, యూనిట్ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో లెన్సును ఒత్తకుండా తుడిచాను. పికప్ (లేజర్, లెన్సు ఉండే భాగం) జరిగే కడ్డీల మీద గట్టిపడిన గ్రీజు తీసి కొత్తది పలచగా రాశాను. పికప్‌ను బోర్డుకు కలిపే ఫ్లెక్స్ కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించాను. ఏం మారలేదు.

సీడీ-ఆర్ నుంచి కాంతి కొంచెం తక్కువగా తిరిగొస్తుంది కాబట్టి లేజర్ డయోడ్ బలహీనపడిందని నా అంచనా. కానీ వేడికి ముదరడం చూస్తే డిస్కు తిప్పే మోటార్ బేరింగ్ మీదా అనుమానమే. రెండింటినీ విడదీసి తేల్చే పరీక్ష ఏదైనా ఉందా? పికప్ మీది చిన్న ప్రీసెట్ (లేజర్ కరెంటు సర్దే స్క్రూ) తిప్పమంటున్నారు. కరెంటు పెరిగి డయోడ్ త్వరగా కాలిపోతుందని ముట్టుకోలేదు. పికప్ ఒక్కటే మారిస్తే చాలా, మెకానిజం మొత్తం మార్చాలా? హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో పికప్ నంబరు చూపిస్తే కొత్త సరుకు దొరుకుతుందా, లేక పాత యూనిట్ల నుంచి తీసినవే ఇస్తారా? తెలిసినవారు దయచేసి చెప్పండి.