పెళుసు ఎముకల వ్యాధి ఉన్న తమ్ముడికి గుండె పరీక్ష అవసరమా?

ప్రశ్న (రాయగడ నుంచి)

అందరికీ నమస్కారం. ముప్పై నాలుగేళ్ళ మా తమ్ముడికి పుట్టుకతోనే పెళుసు ఎముకల వ్యాధి ఉంది. వైద్యులు చీటీల మీద ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అని రాస్తారు. చిన్నతనంలో తొడ ఎముకలు పలుమార్లు విరిగితే లోపల కడ్డీలు వేశారు. వెన్ను కొంత వంకర తిరిగింది. ఊతకర్రలతో నడుస్తూ ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. ఈ మధ్య నాలుగు మెట్లెక్కినా ఆయాసపడుతూ ఉంటే ఇక్కడి వైద్యునికి చూపించాము. గుండెలో అదనపు శబ్దం వినిపిస్తోందని, విశాఖపట్నం వెళ్ళి ఎకో (గుండెను తెర మీద చూపే స్కాన్) తీయించమని ఆయన చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం ఎముకల జబ్బుకూ గుండెకూ సంబంధమేమిటని, వెన్ను వంగడం వల్ల వచ్చిన ఆయాసమే అయి ఉంటుందని, రైల్లో అంత దూరం తీసుకువెళితే దారిలో మరో ఎముక విరుగుతుందేమోనని వెనకాడుతున్నారు.

ఈ జబ్బు ఉన్న చాలామందిలో లాగే మా నాన్నగారికి కూడా కళ్ళలో తెల్లగుడ్డు నీలంగా ఉండేది. ఆయన యాభై దాటకముందే ఛాతీలోనూ వీపులోనూ భరించలేని నొప్పి వచ్చి కొన్ని గంటల్లోనే పోయారు. గుండెపోటు అన్నారు. అది కూడా ఇక్కడ చెప్పవలసిన విషయమా, కాదా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (పర్లాకిమిడి నుంచి, వైద్యుడు)

సంబంధం ఉంది, మీ వైద్యుడు సరైన సలహాయే ఇచ్చారు. ఈ జబ్బు ఉన్నవారిలో అత్యధికులకు లోపం, శరీర కణజాలానికి బలాన్నిచ్చే ప్రోటీన్ అయిన ఒకటో రకం కొలాజెన్‌ను తయారుచేసే రెండు జన్యువుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. ఆ కొలాజెన్ ఎముకల్లోనే కాదు, చర్మంలోనూ, కంటి తెల్లగుడ్డులోనూ, గుండె కవాటాల్లోనూ, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని గోడలోనూ ఉంటుంది. అందువల్ల కొందరిలో బృహద్ధమని మొదలు వెడల్పవుతుంది. కొందరిలో బృహద్ధమని కవాటమో, ఎడమ గదుల మధ్యనున్న మిట్రల్ కవాటమో సరిగా మూసుకోక రక్తం వెనక్కు కారుతుంది. మీ తమ్ముడిలో వినిపించిన శబ్దం అలాంటిదే కావచ్చు. డెన్మార్క్‌లో దేశవ్యాప్త ఆరోగ్య నమోదుల ఆధారంగా జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఈ జబ్బు ఉన్నవారిలో కవాటాల లీకేజీ, గుండె లయ తప్పడం, గుండె బలహీనపడడం మిగతా జనాభాలో కంటే ఎక్కువగా కనిపించాయి.

మీ పెద్దల అనుమానం కూడా కొట్టిపారేయదగినది కాదు. వెన్ను, ఛాతీ వంకర వల్ల ఊపిరితిత్తులకు చోటు తగ్గితే ఆయాసం వస్తుంది, అది చాలాకాలం సాగితే గుండె కుడి భాగం మీద భారం పడుతుంది. అయితే ఇది ఊపిరితిత్తుల వల్లనా, కవాటం వల్లనా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చగలిగే విషయం కాదు. ఎకోతో పాటు గొట్టంలోకి ఊపిరి ఊదించి చూసే పరీక్ష కూడా చేయించండి. పొట్టివారిలో బృహద్ధమని కొలతను మామూలు ఎత్తు ఉన్నవారి కొలతతో పోల్చితే వెడల్పు బయటపడకుండా పోవచ్చు. కాబట్టి శరీర పరిమాణానికి తగ్గట్టు లెక్కించి రాయమని అడగండి. ఎముకల కోసం ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి మందులు ఎముకను గట్టిపరుస్తాయి తప్ప కొలాజెన్ లోపాన్ని సరిచేయవు. ఆ మందు వాడుతున్నాము గనుక గుండెకూ రక్షణ ఉందనుకోకూడదు.

నాన్నగారి సంగతి తప్పక చెప్పాలి. బృహద్ధమని గోడ లోపలి పొర చిరిగినప్పుడు కూడా నొప్పి సరిగ్గా మీరు వర్ణించినట్టే ఛాతీ నుంచి వీపుకు పాకుతుంది. ఆయన విషయంలో అదే జరిగిందని నేను చెప్పలేను, కానీ గుండె వైద్యుని నిర్ణయాల్లో దానికి విలువ ఉంటుంది.

జవాబు (జయపురం నుంచి)

అన్నయ్యగారూ, నాకూ ఇదే జబ్బు ఉంది. ఎకో అంటే భయపడవలసిన పని లేదు. ఛాతీ మీద జెల్లు రాసి చిన్న పరికరంతో చూస్తారు, సూది ఉండదు. ఎడమ పక్కకు తిరగమన్నప్పుడు సిబ్బందిని లాగనివ్వకుండా, నెమ్మదిగా తనంతట తానే తిరుగుతానని మీ తమ్ముడిని ముందే చెప్పమనండి. పక్కటెముకల మీద గట్టిగా నొక్కవద్దని కూడా చెప్పాలి. రక్తపోటు చూసే యంత్రం పట్టీ బాగా బిగిస్తే మనలో కొందరికి చేయి విరిగే ప్రమాదం ఉంది, అందుకని నేను ఎక్కువ బిగించవద్దని ప్రతిసారీ అడుగుతాను. రైల్లో కింది బెర్తు తీసుకోండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తొందరపెట్టే జనం మధ్య నిలబడకుండా చూసుకోండి. నా అనుభవంలో ప్రయాణం కంటే ఆ రెండు నిమిషాలే ఎక్కువ ప్రమాదకరం.

జవాబు (బరంపురం నుంచి, విశ్రాంత నర్సు)

ఒక్క మాట కలుపుతాను, దీన్ని దయచేసి తేలికగా తీసుకోకండి. ఎప్పుడైనా అకస్మాత్తుగా చీల్చినట్టుగా ఛాతీనొప్పి వస్తే, ఆసుపత్రి గుమ్మంలోనే ఈ జబ్బు పేరు, నాన్నగారి మరణం సంగతి చెప్పండి. మామూలు గుండెపోటు అనుకుని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఇస్తే, చిరిగిన బృహద్ధమని ఉన్న మనిషికి అది ప్రాణాంతకమవుతుంది. అలాగే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా దుకాణంలో అడిగి కొనడం మన వైపు మామూలైపోయింది. ఆ కోవ మందులు బృహద్ధమనికి హాని చేయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. శస్త్రచికిత్స అవసరమైతే, ఈ జబ్బులో కణజాలం పెళుసుగా ఉండి రక్తస్రావం ఎక్కువయ్యే వీలుందని శస్త్రవైద్యునికీ, మత్తు వైద్యునికీ ముందుగా తెలియాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ ఇంట్లో చదివి వినిపించాను, అమ్మ ఒప్పుకుంది. ఇంకొక్క సందేహం. నా కళ్ళ తెల్లగుడ్డు కూడా నీలంగానే ఉంటుంది. చిన్నప్పుడు రెండుసార్లు చేయి విరిగింది తప్ప నాకు వేరే బాధ లేదు.

జవాబు (పర్లాకిమిడి నుంచి, వైద్యుడు)

అయితే ఆ ఎకో మీరు కూడా తీయించుకోండి. ఈ జబ్బులో ఎక్కువ రకాలు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ప్రతి బిడ్డకూ సగం అవకాశంతో సంక్రమిస్తాయి. ఎముకలు ఎన్నిసార్లు విరిగాయన్న దాన్ని బట్టి బృహద్ధమని ఎలా ఉందో ఊహించలేము. రక్తపోటు కూడా చూపించుకోండి, ఎక్కువగా ఉంటే వెంటనే అదుపులో పెట్టాలి. జన్యు పరీక్షకు హైదరాబాదులో నిమ్స్‌కు వెళ్ళవచ్చు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద, అక్కడే ఉన్న డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీతో కలిపి దాన్ని ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు. మీకు పిల్లలుంటే ఆ ఫలితం వారికీ పనికివస్తుంది.