గునుగు ఏటా చస్తుంది, ఎర్రచందనం నిలుస్తుంది: ఒకే చోట రెండు తీర్లెందుకు?

మెట్టచేను_చంద్రగిరి:
చెనిక్కాయ చేన్లో గునుగు ఏటా విత్తనం రాల్చి చచ్చిపోతుంది. పైన కొండలో ఎర్రచందనం ఎండలకు ఆకు రాల్చుకుంటుందే గానీ చావదు. వాన అదే, ఎండ అదే. ఒకటి ఏకవార్షికం, ఇంకోటి బహువార్షికం ఎట్లయినాయి? కలుపు తీతకు ఈ తేడా ఏమన్నా పనికొస్తుందా?

శేషాచలం_మొక్కలు:
వాన అదే అయినా చావులు వేరన్నా. పెరిగిన మొక్క వచ్చే ఏటికి బతికే అవకాశం ఎంత, విత్తనం మొలిచి ఏడాది నిలిచే అవకాశం ఎంత, ఈ రెండే చూడాలి. ఏటా చచ్చే మొక్క ఒక్క విత్తనం ఎక్కువ కాస్తే చాలు, చిరకాలం బతికేదానితో సమానమని 1954లో లామాంట్ కోల్ అనే జీవావరణ శాస్త్రవేత్త లెక్కగట్టాడు. అట్లయితే ఏళ్లకేళ్లు బతికే చెట్లెందుకున్నాయని అందరూ తికమక పడ్డారు. 1973లో చార్నోవ్, షాఫర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని సరిచేశారు: మొదటి అవకాశాన్ని రెండోదానితో భాగిస్తే ఎంతొస్తే అన్ని విత్తనాలు అదనంగా కావాలి.

కొండలో పెద్ద చెట్టు నూటికి 90 పాళ్లు బతికి, మొలక ఒక్క పాలే నిలుస్తుందనుకోండి (అంకెలు ఉదాహరణకే). చెట్టు బతుకు వదులుకోవాలంటే 90 విత్తనాలు ఎక్కువ కాయాలి, గిట్టదు. దుక్కి పడే, వేసవికి పైమన్ను తడారిపోయే చేన్లో పెద్ద మొక్కకు 5 పాళ్లు, మొలకకు 10 పాళ్లయితే సగటున అర విత్తనం ఎక్కువ కాస్తే చాలు, ఏటా చావడమే గిట్టుబాటు.

కలుపు_గుంటక:
పని విషయానికొస్తే, గునుగును గింజ కట్టకముందే పీకాలి. అయినా ఒక్క ఏడాదితో పోదు. విత్తనాలన్నీ ఒకేసారి మొలవవు, కొన్ని మన్నులో నిద్రపోతాయి. ఒక ఏడు వాన మోసం చేసినా వంశం నిలవడానికి ఆ ఏర్పాటు.

తుంగ బహువార్షికం, దాని బలమంతా గడ్డల్లో. పైన కోస్తే మళ్లీ లేస్తుంది. తడి ఉన్నప్పుడు రోటవేటర్ తిప్పితే ఇంకా చేటు: గడ్డల గొలుసు తెగి, అణిగి ఉన్నవి కూడా విడివిడిగా మొలుస్తాయి. నడి ఎండల్లో దున్ని గడ్డలు పైకి తేల్చి ఎండబెట్టాలి. లోతున ఉన్నవి మిగులుతాయి, కాబట్టి మళ్లీ దున్నక తప్పదు.

మెట్టచేను_చంద్రగిరి:
మరి ఆముదం? ఒక పంటకే పీకేస్తాం, దొడ్లో ఉన్నది చెట్టయి కూర్చుంది.

శేషాచలం_మొక్కలు:
ఆముదం, కంది పుట్టుకతో బహువార్షికాలే. చేన్లో ఒక పంటకు కుదించింది మనమే. మనిషి ప్రమేయం లేని ఉదాహరణ కావాలంటే అడవి వరి చూడండి. నీళ్లు ఎండిపోని మడుగుల్లో ఓరైజా రూఫిపోగాన్ అనే రకం బహువార్షికం. వేసవికి ఎండిపోయే గుంటల్లో దాని దగ్గరి చుట్టం నివారా ఏకవార్షికం. నివారా బలమంతా గింజకు పోతుంది, రూఫిపోగాన్ అందులో చాలా భాగం పిలకలకు, కణుపుల దగ్గర వేళ్లకు మళ్లిస్తుంది.