వానాకాలంలో కొర్రమట్టకు ఏ పరిమాణం రబ్బరు కప్ప వాడాలి?

ధర్మసాగరం_కట్ట:
సభ్యులందరికీ నమస్కారం. ఏప్రిల్ నుంచి జూన్ వరకు 4 సెంటీమీటర్ల పొడవు, 7 గ్రాముల బరువున్న రబ్బరు కప్ప ఎరతో మా ఊరి చెరువులో కొర్రమట్టలు బాగానే పడ్డాయి. వర్షాలకు చెరువు నిండి నీరు ఎర్రబడిన తరువాత అదే కప్పను చేపలు కొట్టడం, అంటే దెబ్బలు, దాదాపు ఆగిపోయాయి. శిఖం (చెరువు ముంపు నేల) వైపు తూటికాడ, గుర్రపుడెక్క దట్టంగా ఉంటాయి, లోతు మూడు నాలుగు అడుగులకు మించదు. హన్మకొండలో ఒక దుకాణదారు 6 సెంటీమీటర్ల, 15 గ్రాముల కప్ప తీసుకోమన్నారు. నా మిత్రుడు అమెరికాలో బాస్ చేపకు వాడే జిగ్గులనే మునిగే ఎరల పట్టిక చూపించి, లోతు తక్కువైతే పావు ఔన్సు, అంటే 7 గ్రాములు, లోతు పెరిగితే అర ఔన్సు, అంటే 14 గ్రాములు వాడాలంటున్నాడు. నా రాడ్ మీద, విసరదగిన ఎర బరువు 10 నుంచి 30 గ్రాములని రాసి ఉంది. నేను ఎవరి మాట వినాలి?

మత్తడి_మనిషి:
తమ్ముడూ, దుకాణదారు సరిగ్గానే చెప్పారు. బురదనీటిలో కొర్రమట్ట కంటితో వేటాడదు. ఒంటి పక్కనున్న గీతతో నీటి కదలికను పసిగట్టి వస్తుంది. 4 సెంటీమీటర్ల కప్ప గుర్రపుడెక్క మీద ఆకు జారినట్టు జారిపోతుంది, కింద ఉన్న చేపకు దాని జాడే తెలియదు. 15 గ్రాముల కప్ప ఆకులను తొక్కుకుంటూ వస్తుంది. పైగా మీ రాడ్‌కు కావలసిన కనీస ఎర బరువు 10 గ్రాములు, కాబట్టి 7 గ్రాముల కప్పను మీరు విసరడం లేదు, దగ్గరలో పడేస్తున్నారంతే. కట్ట మీద నీడ పడే దూరంలోకి పెద్ద చేప రాదు. నేను పదకొండేళ్లుగా వానాకాలంలో 6 సెంటీమీటర్లకు తక్కువ వాడలేదు.

శిఖం_దారి:
మత్తడి_మనిషి గారు విసరడం గురించి చెప్పారు గాని, పట్టడం గురించి చెప్పలేదు. లోపల బోలుగా ఉండే కప్పలో రెండు గాలాలు వీపు మీద దాగి ఉంటాయి. చేప నోటితో నొక్కినప్పుడు రబ్బరు అణగితేనే ఆ మొనలు బయటికి వస్తాయి. మన చెరువుల్లో ఎక్కువగా తగిలేవి ముప్పావు కిలో నుంచి కిలోన్నర వరకు ఉండే చేపలు, అవి 6 సెంటీమీటర్ల కప్పను తోక వైపు నుంచి కరుస్తాయి తప్ప పూర్తిగా నోట్లోకి తీసుకోవు. గత వానాకాలంలో ఇలాంటి వేదిక మీదే ఒకరి సలహా నమ్మి నాలుగు పెద్ద కప్పలు కొన్నాను. మూడు వారాల్లో పంతొమ్మిది దెబ్బలు వచ్చాయి, చేతికి వచ్చినవి రెండు చేపలు. అన్నీ పుస్తకంలో రాసుకున్నాను. తిరిగి చిన్న కప్పకు మారిన తరువాత దెబ్బలు తగ్గాయి గాని, మూడింటికి ఒకటి చేతికి వచ్చింది.

ములుగు_రోడ్డు:
పరిమాణం కన్నా రంగు ముఖ్యం. బురదనీటిలో నల్ల కప్ప వాడండి.

పరకాల_పాతకాపు:
ఒక సందేహం. మీరంతా చెబుతున్న సెంటీమీటర్లు వెనుక వేలాడే కాళ్ల కుచ్చుతో కలిపా, ఒట్టి ఒంటి పొడవా?

మత్తడి_మనిషి:
ఒంటి పొడవు. ఎవరైనా అలాగే కొలుస్తారు.

శిఖం_దారి:
ఎవరైనా అలాగే కొలవరు. నేను కొన్న డబ్బా మీద కాళ్లతో కలిపి రాసి ఉంది. కాళ్లతో కలిపి 6 అయితే ఒళ్లు నాలుగున్నరే ఉండవచ్చు, అప్పుడు మీరు చిన్నదని తీసిపారేస్తున్న కప్పే మీ పెట్టెలో ఉన్నట్టు.

మత్తడి_మనిషి:
నా పెట్టెలో ఏముందో నాకు తెలుసు. స్కేలు పెట్టి కొలిచాను, ఒళ్లే 6 సెంటీమీటర్లు.

కాజీపేట_జంక్షన్:
మా బావ టెక్సాస్‌లో ఉంటారు, నేను అక్కడున్న ఏడాదిన్నర ఆయనతో బాస్ వేటకు వెళ్లాను. ధర్మసాగరం_కట్ట గారి మిత్రుడు చూపిన పట్టిక తప్పు కాదు, కానీ అది వేరే పనికి సంబంధించినది. జిగ్గు అంటే గాలానికి సీసపు తల పోతపోసి, దాని చుట్టూ రబ్బరు కుచ్చు కట్టిన ఎర, అది అడుగుకు మునుగుతుంది. అక్కడ బరువు నిర్ణయించేది ఎర ఎంత వేగంగా మునగాలన్న సంగతి. లోతు ఎక్కువైనా, గాలి వీచినా, నాచు దట్టంగా ఉన్నా బరువు పెంచుతారు. చేపకు కనిపించే ఒడ్డూ పొడవూ మాత్రం ఆ కుచ్చు వల్ల, గాలానికి వెనుక తొడిగే మెత్తని రబ్బరు ముక్క వల్ల వస్తాయి. అందుకే 14 గ్రాముల జిగ్గును చిన్న ఎరలా చూపించవచ్చు, 7 గ్రాముల జిగ్గును పెద్ద ఎరలా చూపించవచ్చు. తేలే కప్పకు మునిగే వేగమే లేదు, కాబట్టి ఆ అంకెలను దానికి అంటగట్టకూడదు. జిగ్గునే మన చెరువులో వేస్తే, మూడడుగుల నీటిలో అడుగున ఉన్న మెత్తటి బురదలో కూరుకుపోతుంది. కొర్రమట్ట గాలి పీల్చడానికి ఎలాగూ పైకి రావలసిందే, బాస్‌కు ఆ అవసరం లేదు. కాబట్టి దీన్ని నీటి పైపొరలోనే వెతకడం మేలు.

ధర్మసాగరం_కట్ట:
చాలా ఉపయోగపడింది అన్నా. అంటే బరువు విసరడానికి, ఒడ్డూ పొడవూ చేప నోటికి అని విడదీసి చూడాలన్నమాట.

శిఖం_దారి:
సరిగ్గా అంతే. చిన్న ఒళ్లూ తగినంత బరువూ ఉన్న కప్ప కొనండి. 5 సెంటీమీటర్లలో 10, 11 గ్రాములవి దొరుకుతున్నాయి.

మత్తడి_మనిషి:
పుస్తకంలో లెక్కలు రాసుకుంటే వేట రాదు. గత ఏడాది శ్రావణంలో నాకు మూడు కిలోల పైచిలుకు కొర్రమట్ట పడింది, 6 సెంటీమీటర్ల నల్ల కప్పకే పడింది. తూటికాడల మధ్య ఎర్రటి పిల్లల గుంపు బుడగలు వేస్తూ కదులుతోంది. దాని మీదుగా రెండుసార్లు లాగితే నీరు కదిలిందే తప్ప దెబ్బ పడలేదు. మూడోసారి గుంపు నడిమధ్యలో ఆపాను, నీరు పగిలినట్టు కొట్టింది. చిన్న కప్పకు అలాంటి చేప వస్తుందా చెప్పండి.

శిఖం_దారి:
ఇప్పుడు అర్థమైంది. మత్తడి_మనిషి గారూ, ఆ చేప మీ కప్పను తినడానికి రాలేదు, పిల్లల మీదికి వచ్చిన శత్రువును తరమడానికి వచ్చింది. కొర్రమట్ట కలుపు మధ్య జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది, అవి తేలుతాయి. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరిగినంత కాలం కిందనే ఉండి కాపలా కాస్తుంది. ఆ సమయంలో గుంపు మధ్య కర్రముక్క ఆడించినా కొడుతుంది. కాబట్టి అది పరిమాణానికి రుజువు కాదు. ఇంతకన్నా పెద్ద మాట ఇంకొకటి ఉంది. మీరు ఆ చేపను ఇంటికి తీసుకుపోయిన పూటే ఆ పిల్లలను పరకలూ కొంగలూ తినడం మొదలుపెట్టి ఉంటాయి. మా నాయన మత్స్య సహకార సంఘం సభ్యుడు. మా చెరువులో సంఘం వదిలేవి బొచ్చె, రవ్వ, మోసు పిల్లలు. కొర్రమట్టను ఎవరూ వదలరు, అది చెరువులో తానుగా పుట్టి తానుగా పెరగాలి. 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన చేపకు మనం ఇచ్చే మర్యాద ఇదా?

మత్తడి_మనిషి:
నన్ను దొంగను చేసి మాట్లాడుతున్నారు. మీ సంఘాలవాళ్లు వలలు వేసి ఒక్కరోజులో క్వింటాళ్లు తీసినప్పుడు లేని బాధ, నేను ఒక్క గాలంతో ఒక్క చేప పట్టినప్పుడు వచ్చిందా? రెండేళ్ల క్రితం ఒక ఊరి చెరువు దగ్గర రోజుకింతని అడిగిన డబ్బు కట్టి కూర్చున్నాను. గంట గడవకముందే మరో నలుగురు వచ్చి, పట్నంవాళ్లకు మా చెరువులో ఏం పనంటూ మా అబ్బాయి ముందే నన్ను లేపి పంపారు. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ రోజు నుంచి వాడు నాతో వేటకు రాలేదు. చెరువు మీదేనని చెప్పదలచుకుంటే నేరుగా చెప్పండి, కప్ప పొడవు పేరు చెప్పి కాదు.

ములుగు_రోడ్డు:
చర్చ కప్ప దాటి ఎటో పోతోంది.

శిఖం_దారి:
పోనివ్వండి, అసలు మాట అక్కడే ఉంది. మత్తడి_మనిషి గారూ, మీ అబ్బాయి ముందు జరిగినది తప్పు, డబ్బు తీసుకున్నవారు మాట నిలబెట్టుకోవలసింది. అయినా వల లెక్క వేరు. మా దగ్గర వల వేసేది ఎండాకాలంలో, నీరు తగ్గిన తరువాత. వానాకాలంలో చెరువును వదిలేస్తాం. ఆ నాలుగు నెలలు మా నాయన కైకిలుకు (కూలికి) పోతాడు. మేము ఆకలితో వదిలేసిన చేపను మీరు సరదాకు తీసుకుపోతున్నారని నా బాధ. చెరువు మాది అన్నందుకు కాదు, వదిలేయడంలో మా కష్టం ఉన్నందుకు చెబుతున్నాను.

కాజీపేట_జంక్షన్:
బాస్ వేటలోనూ ఈ తగవు ఉంది. వసంతంలో మగ బాస్ గూడు కట్టి గుడ్లకూ పిల్లలకూ కాపలా కాస్తుంది. దాన్ని గూటి మీద నుంచి తీసేస్తే బ్లూగిల్ అనే చిన్న చేపలు గుడ్లను తినేస్తాయి. గూటి మీది చేపకు ఎర వేయవచ్చా లేదా అని అక్కడ ఏళ్లుగా వాదించుకుంటున్నారు, కొన్ని చోట్ల ఆ కాలంలో వేటనే నిషేధించారు.

మత్తడి_మనిషి:
నాలుగు నెలలు వల వేయరన్న సంగతి నాకు తెలియదు, మాకు ఎవరూ చెప్పలేదు కూడా. పిల్లల గుంపు కనబడితే ఇకపై దాని మీద వేయను. బురదనీటిలో చిన్న కప్ప పని చేయదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ధర్మసాగరం_కట్ట:
ఆదివారం 5 సెంటీమీటర్ల ఒళ్లు, 11 గ్రాముల బరువున్న నల్ల కప్పతో వెళ్లాను. తూటికాడలు వదిలి, చెరువు నిండితే నీరు పొర్లిపోయే మత్తడి పక్కన గుర్రపుడెక్క అంచు వెంబడి వేశాను. ఆరు దెబ్బలకు రెండు చేపలు వచ్చాయి, పెద్దది కిలో పావు. శిఖం వైపు రెండు చోట్ల ఎర్రటి గుంపులు కనబడ్డాయి, వాటి జోలికి పోలేదు. శిఖం_దారి అన్నా, అక్కడ మళ్లీ ఎప్పుడు వేయవచ్చు?

శిఖం_దారి:
ఎర్ర రంగు పోయి పిల్లలు నల్లబడి, గుంపు విడిపోయేదాకా ఆగండి తమ్ముడూ. సుమారు నెల పడుతుంది. అప్పటిదాకా మత్తడి పక్కనే వేసుకోండి.