ఒకే మానిటర్, మూడు కంప్యూటర్లు: స్విచ్చు మార్చగానే అక్షరాలు సాగిపోతున్నాయి

పెళ్లిపత్రిక
తెనాలిలో శుభలేఖల డీటీపీ చేస్తాను. గది చిన్నది, బల్ల మీద ఒక్క మానిటర్‌కే చోటు. దానికి మూడు కంప్యూటర్లు: పేజీలు కట్టే పేజ్‌మేకర్, పాతకాలపు తెలుగు అను ఫాంట్లు ఉన్న విండోస్ ఎక్స్‌పీ, ఫొటోల పనికి విండోస్ 10, పాత ఫైళ్లు దాచుకోవడానికి ఉబుంటు (ఒక రకం లైనక్స్) వేసిన చిన్న పెట్టె. మధ్యలో ఒకే మానిటర్, కీబోర్డు, మౌస్‌లను అన్నిటికీ మార్చి మార్చి కలిపే నాలుగు పోర్టుల వీజీఏ కేవీఎం స్విచ్చు. పాత 17 అంగుళాల మానిటర్ ఉన్నంతకాలం ఏ చింతా లేదు. ఈ సంక్రాంతికి 22 అంగుళాలది, 1920×1080 ది కొన్నాను. అప్పటి నుంచి పొద్దున్నే ఎక్స్‌పీ, విండోస్ 10లలో దేన్ని ముందు వేస్తే అదొక్కటే సరిగ్గా వస్తోంది. తర్వాత వేసినవి 1024×768 దగ్గర ఆగిపోతున్నాయి. సెట్టింగుల్లో అంతకు మించి చూపడం లేదు.

కంటికి ఇబ్బంది అంతే అయితే ఓర్చుకునేవాడిని. పోయిన వారం పెళ్లికూతురి పేరు ‘లక్ష్మి’లో మ ఒత్తు పడలేదు. సాగిన తెర మీద ‘క’ కింద ఒత్తులన్నీ కలిసి ఒకే నల్లటి ముద్దగా కనిపిస్తాయి. రెండూ ఉన్నాయనుకుని పంపేశాను. 500 కార్డులు ‘లక్షి’ అని అచ్చయ్యాయి. ఖర్చు నేనే భరించాను, కానీ ఆ తండ్రి ముఖం చూడలేకపోయాను.

ఎందుకిలా జరుగుతోంది? హెచ్‌డీఎంఐ స్విచ్చుకు మారితే పోతుందా? ఇంకొకటి, స్విచ్చు మార్చినప్పుడల్లా మౌస్ చక్రం ఆగిపోతోంది, దానికేమైనా ఉపాయం ఉందా?

ల్యాబ్‌మాస్టారు
మా బడి ల్యాబులో ఇదే బాధ రెండేళ్లు పడ్డాను. కంప్యూటర్ లేచేటప్పుడు మానిటర్‌ను ‘నీ కొలతలు ఏమిటి’ అని అడుగుతుంది. ఆ క్షణంలో మీ స్విచ్చు వేరే నంబరు మీద ఉంటే జవాబిచ్చేవారు లేరు. జవాబు రాకపోతే 1024×768తో సరిపెట్టుకుంటుంది. ఆ వేళ ఏ కంప్యూటర్‌ను వేస్తున్నారో స్విచ్చు దాని నంబరు మీదే ఉంచి, డెస్క్‌టాప్ పూర్తిగా వచ్చేదాకా కదపకండి. తర్వాత రెండోది.

మావి 18.5 అంగుళాల మానిటర్లు, 1366×768. వాటి గోడు వేరు. స్విచ్చు గుండా వెళితే 1360 వస్తుంది, లేకపోతే 1368 వస్తుంది, 1366 మాత్రం రాదు.

తీగలపని
19 ఏళ్లుగా కేబుళ్లు వేయడమే నా వృత్తి. బ్యాంకులకు వేశాను, కాల్ సెంటర్లకు వేశాను. ఇలాంటి ఫిర్యాదు పదిసార్లు వస్తే ఎనిమిదిసార్లు తప్పు కేబుల్‌దే. మీ వీజీఏ కేబుల్ తొడుగు మీద సన్నని అచ్చు ఉంటుంది, చదవండి. 3+4 అని ఉంటే చెత్తబుట్టలో వేయండి. 3+6 గానీ 3+9 గానీ ఉండాలి. ముందున్న మూడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలవి. ప్లస్ తర్వాతవి సన్న తీగలు. మానిటర్ వివరాలు వచ్చేది 12, 15 పిన్నుల మీద. నాలుగే తీగలున్న కేబుల్‌లో చాలాసార్లు ఆ రెండు పిన్నులూ ఎక్కడికీ కలిసి ఉండవు. పిన్ను కనిపిస్తుంది, వెనక తీగ ఉండదు. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి రెండు చివరలా 12ను 12తో, 15ను 15తో తాకించి చూడండి. నిమిషం పని.

ఉబుంటు_అక్క
తీగలపని గారూ, ఆయన రాసింది సరిగ్గా చదవండి. ముందు వేసిన కంప్యూటర్ సరిగ్గా వస్తోందన్నారు. మానిటర్ నుంచి స్విచ్చుకు వచ్చే కేబుల్‌లో 12, 15 లేకపోతే ముందుదైనా రాదు కదా. మాస్టారు చెప్పిందే కారణం.

తీగలపని
అమ్మా, స్విచ్చుకు నాలుగు కేబుళ్లు ఉన్నాయి. మానిటర్‌ది ఒకటి, కంప్యూటర్లవి మూడు. ఒకటి బాగున్నంత మాత్రాన మిగతా మూడూ బాగున్నాయని ఎవరు చెప్పారు? ఆయన మూడోదాన్ని ఎప్పుడైనా ముందు వేశారా? అడగండి. నేను చదవకుండా రాయను.

డాలస్_రాత్రిడ్యూటీ
హెచ్‌డీఎంఐకి మారితే పోతుందనుకోకండి, నేను మారి చెడ్డాను. ఆఫీసు ల్యాప్‌టాప్, నా సొంత ల్యాప్‌టాప్, ఒకే 4కే మానిటర్. డబ్బా మీద ‘4కే’ అని పెద్దక్షరాలతో ఉంటే హెచ్‌డీఎంఐ స్విచ్చు కొన్నాను. తగిలించాక 3840×2160 వచ్చింది, కానీ సెకనుకు 30 ఫ్రేములే. మౌస్ బాణం తెర మీద ముక్కలు ముక్కలుగా గెంతుతుంది. రాత్రంతా అలా పనిచేస్తే తల పగిలిపోతుంది. 60 ఫ్రేములకు సంకేతం వేగం 594 మెగాహెర్ట్జ్ కావాలి, హెచ్‌డీఎంఐ 1.4 స్విచ్చు 340 దాటదు. 2.0 అని ఉంటేనే 600 వరకు పోతుంది. డబ్బా మీద ఎన్ని పిక్సెళ్లు అని చూడకండి, ‘60 హెర్ట్జ్’ అన్న మాట వెతకండి.

తర్వాత డిస్‌ప్లేపోర్ట్ స్విచ్చు తెచ్చాను. ఇప్పుడు అటు మార్చి ఇటు వచ్చేసరికి నేను తెర మీద పరిచి పెట్టుకున్న కిటికీలన్నీ (విండోలు) ఒక మూలకు చేరి ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో మానిటర్‌ను పీకేసి మళ్లీ పెట్టినట్టే లెక్క. దీనికి మందు తెలిసినవారు చెప్పండి.

యూనికోడ్_తెలుగు
అందరూ కొమ్మలు నరుకుతున్నారు, వేరు ఎవరూ చూడడం లేదు. పెళ్లిపత్రిక గారూ, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే మద్దతు ఆగిపోయింది. ఆ యంత్రం తీసేస్తే రెండే మిగులుతాయి. ఆ రెంటికీ మానిటర్ వెనక ఉన్న వీజీఏ, హెచ్‌డీఎంఐ సరిపోతాయి, స్విచ్చే అక్కర్లేదు. ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌కు మారండి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులన్నీ వాటి చోట్లలో పడతాయి. మండలి, గిడుగు, సురవరం, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి.

గుంటూరు_ప్రెస్సు
ఉచితంగా సలహా ఇవ్వడం తేలిక. నా దగ్గర 22 ఏళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయి. తాతగారి శుభలేఖ చూపించి ‘అచ్చం ఇలాగే కావాలి’ అనే ఇళ్లు ఉన్నాయి. ఫైలు తెరిచి పేర్లు, ముహూర్తం మార్చి ఇరవై నిమిషాల్లో ఇస్తాను. అదే పని మీ పద్ధతిలో మొదటి నుంచి కట్టాలంటే ఒక పూట పడుతుంది. ఆ పూట కూలి మీరిస్తారా?

యూనికోడ్_తెలుగు
మార్పిడి సాధనాలు ఉన్నాయి కదా.

గుంటూరు_ప్రెస్సు
వాడాను కాబట్టే చెబుతున్నాను. మార్చిన ప్రతి పేజీనీ అక్షరం అక్షరం మళ్లీ దిద్దుకోవాలి. ఒత్తులు పక్క అక్షరానికి పోయి అతుక్కుంటాయి. గోత్రం పేరు తప్పు పడితే ఆ కార్డు పంచగలరా? తెలుగు టైపుకు వాడే ఆపిల్ కీబోర్డు అమరిక మీద నా వేళ్లు ఇరవై రెండేళ్లుగా ఆడుతున్నాయి. తెర వైపు చూడకుండా కొడతాను.

యూనికోడ్_తెలుగు
ఆ అమరికతోనే యూనికోడ్‌లో రాసే సాధనాలూ ఉన్నాయి, వేళ్లు మార్చుకోనక్కర్లేదు. మీరు దాచుకున్నది తెలుగు కాదని నా బాధ. ఆ ఫైళ్లలో ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలు, పైన తెలుగు బొమ్మల ముసుగు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గుర్తులు. వెతికితే ఒక్క పేరు దొరకదు. ఇరవై రెండేళ్ల ఊరి చరిత్ర మీ దగ్గర ఉంది, రేపు ఆ డిస్కు పోతే ఏమవుతుంది? నాకు కోపం మీ మీద కాదు.

గుంటూరు_ప్రెస్సు
కోపం ఎవరి మీదనో మీరే తేల్చుకోండి. డిస్కు రెండు కాపీలు తీసి ఇంట్లో ఒకటి, ప్రెస్సులో ఒకటి ఉంచాను. మా పని మేము ఒళ్లు దగ్గర పెట్టుకునే చేస్తున్నాం.

ల్యాబ్‌మాస్టారు
అయ్యా, ఈ వాదన వేరేచోట పెట్టుకోండి. ఇక్కడ మానిటర్ గురించి అడిగారు. నా 1366 సంగతి ఎవరైనా చెబుతారా?

ఉబుంటు_అక్క
మాస్టారూ, 1366ను 8తో భాగించండి. 170.75. కొలతలు లెక్కగట్టే సూత్రం 8 చొప్పున అడుగులు వేస్తుంది. కాబట్టి 1360 లేదా 1368 మీద దిగుతుంది.

తీగలపని
అలాగైతే నేరుగా తగిలిస్తే 1366 ఎలా వస్తోంది? మా ఇంట్లో ఉంది, వస్తోంది. సూత్రాలు చెబితే చాలదు.

ఉబుంటు_అక్క
నేరుగా తగిలిస్తే మానిటర్ తన వివరాల పట్టిక పంపుతుంది. మొత్తం 128 బైట్లు. అందులో పూర్తి టైమింగు రాసే భాగంలో 1366 అని ఉన్నదున్నట్టు రాయవచ్చు, అక్కడ 8 నియమం లేదు. పట్టిక అందనప్పుడే సూత్రం మీద ఆధారపడాలి. మాస్టారి స్విచ్చు పట్టికను అందనివ్వడం లేదు, మీ ఇంట్లో స్విచ్చు లేదు. మీ అనుభవం, నా సూత్రం రెండూ ఒకటే చెబుతున్నాయి.

పెళ్లిపత్రిక గారికి: ఉబుంటులో చేత్తో రిజల్యూషన్ చేర్చవచ్చు. సీవీటీ ఆదేశానికి 1920 1080 ఇస్తే ఒక వరుస వస్తుంది, దాన్ని ఎక్స్‌ర్యాండర్ అనే ఆదేశంతో చేర్చాలి. కానీ ఒక మాట. మామూలుగా ఇస్తే 173 మెగాహెర్ట్జ్ వస్తుంది, చవక వీజీఏ స్విచ్చు అంత వేగం మోయలేక అక్షరాల పక్కన నీడలు చూపిస్తుంది. సీవీటీకి ‘ఆర్’ (తెర ఖాళీ సమయాన్ని తగ్గించేది) జోడించి ఇస్తే 138.5కే పని అయిపోతుంది. నా తెర మీద ‘ణ’ లోపలి మెలిక మొదటిసారి స్పష్టంగా కనిపించింది అలా చేశాకనే. ఇది ఎక్స్ఆర్గ్ అనే, తెరను గీసే పాత పద్ధతిలోనే పనిచేస్తుంది. కొత్త పద్ధతి వేలాండ్‌తో లాగిన్ అయితే, కంప్యూటర్ లేచేటప్పుడు చదివే కెర్నెల్ ఆదేశ వరుసలో రాసుకోవాలి.

డాలస్_రాత్రిడ్యూటీ
నా కిటికీల సంగతి?

తీగలపని
మీకు కావాల్సింది మానిటర్ పట్టికను తనలోనే దాచుకుని, ఎంచుకోని పోర్టులకు కూడా ఎప్పుడూ చూపించే స్విచ్చు. ఈడీఐడీ ఎమ్యులేషన్ అని ఉంటుంది. ధర ఎక్కువ. లేకపోతే ఒక్కో కంప్యూటర్‌కు, స్విచ్చుకు మధ్య పెట్టే చిన్న ఎమ్యులేటర్ ముక్కలు దొరుకుతాయి. మాస్టారి ల్యాబుకు కూడా అదే మందు. కేబుల్ పొడవు కూడా చూసుకోండి. మామూలు స్విచ్చు సంకేతానికి బలం చేకూర్చదు. అటు రెండు మీటర్లు, ఇటు రెండు మీటర్లు అంటే నాలుగు మీటర్ల తీగ కిందే లెక్క. 4కే 60కి అంతదూరం రాగి తీగ మీద ఆడితే అదృష్టం.

పెళ్లిపత్రిక
మూడు రోజులు షాపు పనిలో పడి రాలేకపోయాను. అందరికీ ధన్యవాదాలు.

మాస్టారు చెప్పినట్టు ఎక్స్‌పీని దాని నంబరు మీదే లేపాను. టీ తాగి వచ్చేదాకా స్విచ్చు ముట్టుకోలేదు. 1920×1080 వచ్చింది. విండోస్ 10 కూడా అలాగే వచ్చింది. అంతకుముందు అందులో మానిటర్ పేరు ‘జెనెరిక్ నాన్ పీఎన్‌పీ’ అని ఉండేది, ఇప్పుడు మానిటర్ అసలు పేరు చూపిస్తోంది.

ఉబుంటు పెట్టె మాత్రం ఎంతకీ వినలేదు. తీగలపని గారు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. దాన్ని నేను ఏ రోజూ ముందు వేయలేదు, ఎప్పుడూ చివరే. బల్ల కింద దూరి టార్చి పట్టుకుని చదివితే తొడుగు మీద 3+4. మిగతా మూడూ 3+6. విజయవాడ వెళ్లి 3+6 కేబుల్ కొని తెచ్చి మార్చాను. ఏ ఆదేశమూ ఇవ్వకుండానే 1920×1080 వచ్చింది.

తెర మారాక మొదట తెరిచింది ఆ ‘లక్షి’ ఫైలే. లోపం ఎదురుగా కనిపిస్తోంది, ‘క’ కింద ష ఒత్తు ఒక్కటే ఉంది. మ ఒత్తు పెట్టాను, రెండూ విడివిడిగా నిలబడ్డాయి. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. ఆ ఇంటివారి అమ్మాయిని పంపే సారె జాబితా కూడా నా దగ్గరే వేయించారు, అది డబ్బు తీసుకోకుండా ఇచ్చాను.

ఎక్స్‌పీలో అక్షరాలకు కుడివైపు సన్నని నీడ ఇంకా ఉంది. మానిటర్ మీద ఆటో మీట నొక్కితే కొంత తగ్గుతోంది.

తీగలపని
టార్చి పట్టుకుని చదివినందుకు సంతోషం. ఆ 3+4 తీగను ఇంకెవరికీ ఇవ్వకండి, కత్తిరించి పారేయండి. నీడకు కారణం స్విచ్చే అయి ఉంటుంది, అలాగైతే తీగ మార్చినా లాభం లేదు. ఎక్స్‌పీని మానిటర్ వీజీఏకు నేరుగా ఇచ్చి, మిగతా రెంటికి చిన్న హెచ్‌డీఎంఐ స్విచ్చు పెట్టి చూడండి.

గుంటూరు_ప్రెస్సు
అచ్చుకు పంపేముందు ఒక కాపీ కాగితం మీద తీసి ఇంటివారితో సంతకం పెట్టించుకోండి. తెర ఎంత బాగున్నా నేను అది మానను.

యూనికోడ్_తెలుగు
ఈ మాట మీద మీతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఫైళ్ల మాట మీద మాత్రం కాదు.

పెళ్లిపత్రిక
మౌస్ చక్రం గురించి ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్‌మాస్టారు
మౌస్ పీఎస్2 (పాత గుండ్రటి ప్లగ్గు) దా, యూఎస్‌బీ దా? పీఎస్2 అయితే మాదీ ఆగిపోతుంది. యూఎస్‌బీ మౌస్ పెట్టిన బల్లల మీద ఆగడం లేదు.